మ్యాపులో లేని గేటు

ద్వారకా మావశీని ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. తిడితే ఇంకా మండుతుంది. ఇరవై ఆరేళ్లు ఒకే బడిలో గంట కొట్టిన మనిషి మీద ఊరికి ఇన్ని మాటలెందుకో నాకు అర్థం కాదు. నాకు తెలిసింది నేను చెబుతాను. అందులో నా తప్పూ ఉంది, దాన్ని దాచుకునే వయసు నాకు దాటిపోయింది.

నా పేరు అంబాదాస్. తాతల కాలంలో మగ్గం పనికి ఈ మరాఠీ ఊరికి వచ్చిన కుటుంబం మాది. మగ్గాలు పోయాయి, మేం మిగిలాం. రింగు రోడ్డు మీద, బడికి సరిగ్గా ఎదురుగా, నాకో జిరాక్సు కొట్టు ఉంది. పెన్సిళ్లు, చార్టు కాగితాలు, పల్లీ చిక్కీ కూడా అమ్ముతాను. ఎవరైనా అడిగితే అర్జీలు రాసిపెడతాను.

ద్వారకాబాయి సుతార్ ఆ బడిలో ఆయా. పిల్లలు, వాళ్ల తల్లులు, ఆఖరికి రిక్షావాళ్లు కూడా ఆమెను మావశీ అనే పిలుస్తారు, అంటే పిన్ని. కరువు సీమలో పుట్టి, మొగుడి వెంట చెరకు కొట్టే పనికి వచ్చి, అతను పోయాక ముప్పై ఒకటో ఏట చీపురు పట్టుకుని బడిలో చేరింది. మెడలో తులసిమాల, ఏకాదశికి సగ్గుబియ్యం ఖిచిడీ, నోట్లో ఎప్పుడూ విఠ్ఠలుడి పేరు. ఏ పిల్లకు ఏ కూర గిట్టదో, ఎవడు డబ్బాలో భాకరీ రొట్టె మిగిల్చి కుక్కకు వేస్తాడో ఆమెకు తెలుసు. చెవి మెలిపెట్టి తినిపించేది. తల్లులు ఆమె ముందు నోరెత్తేవాళ్లు కాదు. హెడ్మాస్టర్లు ఐదుగురు మారారు, మావశీ మారలేదు.

ఒక్కటే జబ్బు ఆమెకు. నోట్లో నువ్వుగింజ నానదు.

మొదట్లో బడి గేటు దక్షిణం వైపు సందులో ఉండేది. సన్నటి సందు, స్కూటర్లు తప్ప ఏవీ రావు. సందుకు రెండు కొసలా కార్పొరేషన్ వాళ్ల త్రికోణం బోర్డులు, ఇద్దరు పిల్లలు పరిగెత్తే బొమ్మతో. గేటు ముందు స్పీడు బ్రేకరు, రోడ్డు మీద తెల్ల చారలు. పిల్లల ఇళ్లన్నీ ఆ సందు వెనక ఉన్న కుంభార్ పేటలోనే. బడి వదిలితే కోడిపిల్లల్లా బిలబిలమంటూ ఇళ్లకు పోయేవాళ్లు, ఎవరికీ ఏ భయమూ లేదు.

నాలుగేళ్ల కిందట ఒకే ఏడాదిలో మూడు జరిగాయి. పాత హెడ్మాస్టరు ఆ గేటు దగ్గరే గుండె పట్టుకుని కూలిపోయాడు. పదో తరగతిలో సగం మంది తప్పారు. ఒక కుర్రాడు గేటెక్కి ఊగుతూ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఈ మూడూ మావశీ కళ్లముందే జరిగాయి. ఆమె వాటిని ఒకే దారానికి గుచ్చింది.

"దక్షిణం యముడి దిక్కు కదే తల్లీ! ఆ గుమ్మం మనుషుల్ని తింటోంది. నా కళ్లతో చూశాను కదా, సర్ ఆ గడప మీదే పడ్డాడు," అని మధ్యాహ్నం డబ్బాలు తెచ్చే తల్లులందరికీ చెప్పింది. రోజూ చెప్పింది. ఒకరికి చెబితే పదిమందికి చేరే మాట అది. నెల తిరక్కుండా తల్లులు పిల్లల్ని గేటు దాటేముందు మిరపకాయలతో దిష్టి తీయడం మొదలుపెట్టారు. బడి ట్రస్టు చైర్మన్‌కు తలప్రాణం తోకకొచ్చింది. ఆయన ఒక వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. ఆ పండితుడు మావశీ చెల్లెలి మరిది. ఇంకేం కావాలి?

ఈశాన్యం మూల గోడ పగలగొట్టి రింగు రోడ్డు వైపు కొత్త గేటు పెట్టారు. సత్యనారాయణ పూజ చేశారు. కొబ్బరికాయ మావశీ చేతులతోనే కొట్టించారు. పాత గేటుకు తాళం వేసి, విరిగిన బల్లలన్నీ దానికి అడ్డంగా పడేశారు. ఆ రోజు నేను అందరికీ పేడాలు పంచాను. పంచనా మరి? అప్పటిదాకా ఈగలు తోలుకుంటున్న నా కొట్టు ముందుకు నాలుగు వందల మంది పిల్లలు వచ్చిపడ్డారు.

బోర్డుల సంగతి ఎవరికీ తట్టలేదు. త్రికోణాలు సందులోనే ఉండిపోయాయి. స్పీడు బ్రేకరూ అక్కడే. ఏటా దీపావళి ముందు కార్పొరేషన్ మనుషులు వచ్చి, తాళం వేసిన గేటు ముందు తెల్ల చారలకు శ్రద్ధగా రంగు వేసి పోయేవాళ్లు. రింగు రోడ్డు మీద ఉన్నది ఒకటే బోర్డు, యాభై అంకె వేసినది. దాన్ని చూసి ఎవడూ తగ్గించడు, అక్కడిదాకా నలభైలో వచ్చినవాడు కూడా తొక్కుతాడు.

కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మా రింగు రోడ్డు చెరకు ట్రాక్టర్లది. ఒక్కో ట్రాక్టరుకు వెనక రెండేసి ట్రాలీలు, ఇంటి ఎత్తున చెరకు, డ్రైవరు చెవులు పగిలేలా పాటలు. వెనక ట్రాలీ ఎటు ఊగుతుందో వాడికే తెలియదు. ఆ రోడ్డు మీదికి మా గేటు నేరుగా తెరుచుకుంటుంది. పక్కన నడవడానికి జానెడు చోటు లేదు. కుంభార్ పేట పిల్లలు ఆ రోడ్డు అంచు పట్టుకుని సందు మూల దాకా నడవాలి. సగం మంది ముందు రోడ్డు దాటి నా కొట్టుకు వస్తారు, చిక్కీ కోసం.

మావశీ రోజూ రెండు పూటలా రోడ్డు మధ్యలో నిలబడి చేతులు చాచేది.

"ముసలిదానా, చావాలని ఉందా?" అని డ్రైవర్లు అరిచేవాళ్లు.

"నేను చస్తే నీ ట్రాలీ ఎక్కే పోతాన్రా, నువ్వు ముందు ఆ పాట ఆపు! పిల్లలు కనబడటం లేదా, కళ్లు చెరుకురసంలో పెట్టుకుని తోలుతున్నావా?" అని ఆమె అరిచేది. చూసి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జనవరిలో ఒక గురువారం సాయంత్రం ముక్తా కాలు పోయింది. నాలుగో తరగతి పిల్ల, తండ్రి లేడు, తల్లి సంగీత ఇళ్లలో పాచిపని చేస్తుంది. మావశీ అటునుంచి వచ్చే ట్రాక్టరును ఆపి పిల్లల్ని పంపింది. ఇంజను ఆగింది. మొదటి ట్రాలీ ఆగింది. రెండో ట్రాలీ వాలుకు పక్కకు జారింది. ముక్తా ఎటు వస్తోందో తెలుసా? నా కొట్టుకు. నీలం రంగు స్కెచ్ పెన్ను కావాలని పొద్దున చెప్పి వెళ్లింది, నేను తీసి పక్కన పెట్టాను.

కుడి పాదం చీలమండ దాకా తీసేశారు.

ఆసుపత్రి వరండాలో మావశీ సంగీత కాళ్ల మీద పడింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. సంగీత ఆమెను లేపి, "మీరు ఉన్నారు కాబట్టి పాదంతో పోయింది మావశీ. మీరు లేకపోతే నా బిడ్డే ఉండేది కాదు," అంది. ఆ రోజు నుంచి ఆమె విఠ్ఠలుడి పేరెత్తడం నేను వినలేదు.

మూడో రోజు నా కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"రాయి అంబాదాస్, కమిషనర్‌కు అర్జీ. సందులో ఉన్న బోర్డులు, బ్రేకరు, చారలు అన్నీ తెచ్చి కొత్త గేటు ముందు పెట్టమని రాయి. బడి ఒక చోట, బోర్డు ఒక చోట ఏమిటి? పెళ్లి ఒక ఇంట్లో, పందిరి ఇంకో ఇంట్లోనా?"

రాశాను. 'బడి పరిసరాల్లో ట్రాఫిక్ బోర్డులను పునఃపరిశీలించవలసిందిగా విన్నపం' అని పైన పెట్టాను. ఆమె ఐదో తరగతి దాకా చదివింది, ఒక్కో అక్షరం తడుముకుంటూ సంతకం చేసింది.

కార్పొరేషన్‌లో గుమాస్తా దాన్ని ఇలా చూసి అలా విసిరేశాడు. "నువ్వెవరు? బడి లెటర్‌హెడ్ మీద తీసుకురా." బడికి వెళితే హెడ్మాస్టరు తలుపు వేసి గొంతు తగ్గించాడు.

"ద్వారకాబాయి, ఈ విషయం కదిలించకండి. ఆ కొత్త గేటుకు అనుమతి లేదు. కార్పొరేషన్‌కు చెప్పకుండా గోడ కొట్టి పెట్టాం. బోర్డు అడిగామంటే ముందు గేటు మూయిస్తారు. చైర్మన్‌గారు ఊరుకుంటారా? మీ పదవీ విరమణ ఇంకా ఎనిమిది నెలలు. మీ పెన్షన్ కాగితాల మీద ఎవరి సంతకం కావాలో మీకు నేను చెప్పాలా?"

"పిల్ల కాలు పోయింది సర్," అంది మావశీ.

"నాకు బాధ లేదనుకుంటున్నారా? రేపటి నుంచి ఇంకొకర్ని కూడా రోడ్డు మీద నిలబెడతాను. మీరు మాత్రం రాతకోతలు పెట్టకండి."

ఆమె కాలికి బలపం కట్టుకుని కార్పొరేషన్ చుట్టూ తిరిగింది. మూడు వారాలు. చివరికి దేవకాతే అనే ఇంజనీరు దగ్గరికి చేరాం. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. కుర్రవాడు, మంచివాడే. బీరువాలోంచి మ్యాపు తీసి బల్ల మీద పరిచి, మావశీని ఆజీ, అంటే అవ్వ, అని పిలిచి వేలు పెట్టి చూపించాడు.

"ఆజీ, మీ బడి ఇది. గేటు ఇదిగో, దక్షిణం వైపు. బోర్డులున్నాయి, బ్రేకరుంది, అన్నీ నియమం ప్రకారం ఉన్నాయి. ఈ రింగు రోడ్డు వైపు చూడండి, గోడ తప్ప ఏమీ లేదు."

"ఆ గోడలోంచే రోజూ నాలుగు వందల మంది పిల్లలు వస్తున్నారు సాహేబ్."

ఆయన మ్యాపు మడిచాడు.

"లేని గేటుకు బోర్డు ఎలా పెట్టను చెప్పండి? ఒకటే దారి. అనుమతి లేకుండా ఫలానా ఏడాది గేటు పెట్టారని మీరు రాసిస్తే తనిఖీకి వస్తాను. కానీ వచ్చాక దాన్ని మూయించక తప్పదు, రింగు రోడ్డు మీదికి బడి గేటు ఉండకూడదు. పిల్లలు పాత గేటు నుంచే రావాలి. అక్కడ అన్నీ ఉన్నాయి కూడా. ఆలోచించుకోండి. మీ పేరు బయటికి వస్తుంది."

నేను ఆమె చెంగు పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. వరండాలో నేనన్న మాటలు ఇప్పటికీ నన్ను పీక్కుతింటాయి.

"పిచ్చి పట్టిందా మావశీ? పెన్షన్ పోతుంది. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు, చెరకు సీజను అయిపోతుంది. గేటు మూస్తే నా సంగతేమిటి? మళ్లీ ఈగలు తోలుకోనా?"

ఆమె నన్ను కిందా మీదా చూసింది. "ముక్తా నీ కొట్టుకే వస్తోందిరా," అంది. అంతే. లోపలికి వెళ్లి రాయించి ఇచ్చింది. కాగితం నేనే రాశాను. చివర్న ఆమె ఇంకో వాక్యం రాయమంది. 'పాత గేటు మంచిది కాదని మొదట చెప్పింది నేనే.' అది అర్జీకి అక్కర్లేదన్నాడు ఇంజనీరు. అయినా రాయించింది.

తనిఖీ జరిగింది. మార్చి మొదటి సోమవారం పొద్దున్నే కార్పొరేషన్ మనుషులు వచ్చి కొత్త గేటుకు ఇనుప రేకు అడ్డంపెట్టి వెల్డింగు చేసి పోయారు. పాత గేటు ముందున్న విరిగిన బల్లలు తీశారు, తాళం పగలగొట్టారు. త్రికోణం బోర్డులు కడిగారు. చారలకు కొత్త రంగు వేశారు. మావశీని అంతకుముందు శనివారమే విచారణ పేరుతో ఇంట్లో కూర్చోమన్నారు, పెన్షన్ ఫైలు చైర్మన్ బల్ల సొరుగులోకి పోయింది.

అయినా ఆ సోమవారం ఆమె వచ్చింది. తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, పాత గేటు ముందు చారల మీద నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. నేను కొట్టు తెరవకుండా అక్కడికే వెళ్లాను, ఎందుకో చూడాలనిపించింది.

పదిన్నరకు కుంభార్ పేట తల్లులు పిల్లల్ని తీసుకుని సందులోకి వచ్చారు. వచ్చి, గేటుకు ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయారు. ఒక్కరూ ముందుకు కదల్లేదు.

"రండమ్మా, ఇంకే భయమూ లేదు. చూడండి, బోర్డు ఉంది, బ్రేకరు ఉంది. ఒక్క బండి కూడా లేదు," అంది మావశీ.

"పరీక్షల నెలలో యముడి గుమ్మంలోంచి పంపమంటావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"గుమ్మానికి ఏ దోషమూ లేదమ్మా."

అప్పుడు శేవంతాబాయి ముందుకు వచ్చింది. కుండలు చేసే ఇంటి పెద్దావిడ, ముగ్గురు మనవళ్లు ఆ బడిలోనే. "ద్వారకా, నువ్వేగా చెప్పావు? మా ఇంటి అరుగు మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చెప్పావు. సర్ ఈ గడప మీద పడ్డాడని ఏడ్చావు. నీ మాట నమ్మి నేను నా మనవడికి తాయెత్తు కట్టించాను."

"తెలియక చెప్పాను వదినా. అబద్ధం అది. నా నోరు పడిపోను, అబద్ధం చెప్పాను."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా? కార్పొరేషన్ వాళ్లు ఏం పెట్టారు నీకు?"

మావశీ వంగి చెప్పులు విడిచి, ఆ గేటు గడప మీద నుదురు ఆనించింది. లేచి గడప దాటి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. "చూడండి, నాకేమైనా అయిందా? చూడండమ్మా!" అని అందరి ముఖాలూ వెతికింది. ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు, వాళ్లమ్మ వాడి నెత్తిన మొట్టింది.

ఆ గుంపు వెనక సంగీత నిలబడి ఉంది. ముక్తాను చంకనెత్తుకుని, కాలు పోయాక మొదటిసారి బడికి తీసుకొచ్చింది. పిల్ల కాలికి కట్టు ఇంకా ఉంది. మావశీ ఆమెను చూసి రెండు చేతులూ చాచింది.

"నువ్వు రా సంగీతా. నీ బిడ్డ కోసమే ఇదంతా చేశాను. నువ్వు వస్తే వీళ్లంతా వస్తారు."

సంగీత కదల్లేదు. "మావశీ, మీ మీద నాకు కోపం లేదు. మీరు చెప్పేది నిజమే అయి ఉంటుంది. కానీ దీనికి ఉన్నది ఒక్క కాలు. అది కూడా పోతే నేనేం చేయను? నేను పందెం కట్టలేను."

ఆమె వెనక్కి తిరిగింది. ముక్తా తల్లి భుజం మీద నుంచి మావశీ వైపే చూస్తూ ఉంది. సంగీత వెనకే శేవంతాబాయి, ఆమె వెనకే మిగతావాళ్లందరూ సందు మూల తిరిగి రింగు రోడ్డెక్కారు. అక్కడ వెల్డింగు చేసిన గేటు పక్కన గోడ మనిషి నడుమెత్తు ఉంటుంది. తల్లులు రోడ్డు అంచున నిలబడి పిల్లల్ని ఒక్కొక్కర్నీ గోడ మీదికి ఎత్తుతుంటే, లోపల నుంచి మాస్టర్లు దించుకున్నారు. దించుకోవడానికి వీలుగా హెడ్మాస్టరు రెండు బల్లలు వేయించాడు కూడా. ఇంతకుముందు గేటులోంచి పది నిమిషాల్లో పోయే పిల్లలు, ఇప్పుడు ముప్పావు గంట రోడ్డు మీద వరుసలో నిలబడ్డారు. వాళ్ల వీపుల వెనక నుంచి ట్రాక్టర్లు పోతూనే ఉన్నాయి.

సందులో నేనూ మావశీ మాత్రమే మిగిలాం. కొత్త రంగు వేసిన చారల మీద ఒక్క పిల్ల అడుగు కూడా పడలేదు. ఆమె కింద కూర్చుండిపోతుందనుకున్నాను, పట్టుకోబోయాను.

"వదులు. అక్కడ పిల్లలున్నారు," అంది.

వడివడిగా రింగు రోడ్డు మీదికి నడిచింది. చెప్పులు గేటు దగ్గరే మర్చిపోయింది. ఎదురుగా పాట పెట్టుకుని ఒక ట్రాక్టరు వస్తోంది. బడి వాళ్లు పొమ్మన్న మనిషి, జీతం లేని మనిషి, రోడ్డు మధ్యకు వెళ్లి చేతులు చాచి నిలబడింది. "నెమ్మది, నెమ్మదిగా రా నాయనా," అని మొదటిసారి తిట్టకుండా, ఆ డ్రైవరును బతిమాలింది.